నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా?

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. ఈ వయసులో నేను కలం పట్టుకున్నానంటే ఎవరో ఒకరు పోయారనే అర్థం. టెక్సస్‌లోని మా ప్లేనోలో తెలుగు ముసలివాళ్ళలో సగం మంది గురించి ఇప్పటికే రాశాను. మిగిలిన సగం మంది నన్ను షాపులో చూస్తే బియ్యం బస్తాల వెనక్కి తప్పుకుంటున్నారు. నాకూ విసుగొచ్చింది. కానీ ఈసారి రాయమని అడిగిన మనిషికి కాదని చెప్పే హక్కు నాకు లేదు.

మా పక్కింటి డాక్టరుగారు పోయారు. మంగళవారం పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చుని, ఇక లేవలేదు. ఎనభై ఒకటి. కాఫీ కప్పు కడిగి బోర్లించే కూర్చున్నారు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఆ ఒక్క ముక్క చాలు.

ఆయన మత్తు డాక్టరు. ముప్పై అయిదేళ్ళు ఆపరేషన్ గదుల్లో మనుషుల్ని నిద్రపుచ్చి, మళ్ళీ లేపారు. "పేషెంటు లేచాక సర్జన్‌కి దండం పెడతాడయ్యా. నన్ను చూసి ఈయనెవరు అంటాడు. అలా అడిగాడంటే నా పని సవ్యంగా జరిగినట్టు" అనేవారు. నేను గ్యాస్ స్టేషన్ నడిపినవాణ్ణి. బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది, మిగతా చదువంతా కౌంటర్ వెనక స్టూలు మీద, పాత పుస్తకాల్లో సాగింది. మా ఇద్దరికీ పొత్తు కుదరడం మా వీధికి ఇప్పటికీ వింతే.

ఆయన భార్య పోయిన ఏడాదే ఆయన మోటార్‌హోమ్ కొన్నారు. బస్సంత ఇల్లు, లోపల మంచం, పొయ్యి, స్నానాల గది. దాని వెనక తన పాత జీపుని కట్టి లాక్కెళ్తానన్నారు. "ఇంత బండి ఉండగా దాని తోక ఎందుకండీ?" అన్నాను. "క్యాంప్‌లో దిగాక పాల డబ్బా కావాలంటే ఇల్లంతా తోలుకుని వెళ్తావా?" అన్నారు. అంతటితో నన్ను ఆయన తోడుగా తీసుకెళ్ళడం ఖాయమైపోయింది. నన్నెవరూ అడగలేదు.

పూజ సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. మా ఆవిడ నిమ్మకాయలు తెచ్చింది. మోటార్‌హోమ్‌కి ఆరు చక్రాలు, జీపుకి నాలుగు, మొత్తం పది. డాక్టరుగారికి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా మోకాళ్ళు పట్టుకుని వంగి, బండ్ల చుట్టూ తిరిగి, ఒక్కొక్క నిమ్మకాయనీ వేలితో తాకి లెక్కపెట్టారు. "తొమ్మిదే ఉన్నాయమ్మా. లోపలి చక్రానికి పెట్టలేదు" అన్నారు. మా ఆవిడకి ఆ రోజు నుంచీ ఆయనంటే గురి.

జీపుని నాలుగు చక్రాల మీదా నేల మీదే లాగడం చూడ్డానికి తేలిక. అందులో మామూలు గేరు కర్ర పక్కనే ఇంకో పొట్టి కర్ర ఉంటుంది. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచేది అదే. ఆ పొట్టి కర్రని న్యూట్రల్‌లో పెడితే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి, గేరుపెట్టెకి ఏమీ తెలియదు. పెట్టకపోతే జీపు కాళ్ళు కట్టేసిన గేదెలా ఈడ్చుకుపోతుంది. అంతా ఆ జానెడు కర్రలో ఉంది.

అందుకే ఆయన ఒక జాబితా రాసి, ప్లాస్టిక్ తొడుగు వేయించారు. నేను బయట నిలబడి చదవాలి, ఆయన చేసి జవాబివ్వాలి. చదివేవాడు చెయ్యకూడదు, చేసేవాడు చదవకూడదు. ఆపరేషన్ గదిలో అలవాటట. ఇంకో నియమం, "చూశాను" అంటే ఒప్పుకునేవారు కాదు.

"పిన్నులు?" అని నేను. రెండు బండ్లనీ కలిపే కడ్డీకి ఉండేవి అవి.

"రెండూ ముట్టుకున్నాను."

"గొలుసులు?"

"అడ్డంగా వేశాను, ముట్టుకున్నాను."

"బ్రేకు పెట్టె?" జీపు బ్రేకుని దానంతటదే తొక్కే పెట్టె అది.

"పెడల్ మీద కూర్చుంది."

"లైట్లు? స్టీరింగ్ తాళం?"

"వెలిగాయి. స్టీరింగ్ తిరుగుతోంది."

"న్యూట్రల్?"

"ముట్టుకున్నాను. డ్రైవ్‌లో పెట్టాను, కదల్లేదు. రివర్స్‌లో పెట్టాను, కదల్లేదు. పార్క్‌లో పెట్టి దిగుతున్నాను."

తర్వాత ఆయన మోటార్‌హోమ్ ఎక్కి పది అడుగులు ముందుకు పోనిచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవారు. "నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా?" నేను వంగి చూసి, "తిరుగుతున్నాయండీ" అనాలి. అప్పుడే ప్రయాణం. జాబితా అయ్యాక ఎవరైనా జీపు తలుపు తీస్తే మాత్రం మళ్ళీ మొదటి నుంచీ.

ఒకసారి ఓక్లహోమాలో భోజనానికని ఒక షాపు వెనక్కి వెళ్ళాం. తీరా చూస్తే అటు దారి లేదు. వెనక బండి కట్టి ఉన్నప్పుడు రివర్స్ చెయ్యకూడదు, జీపు ముందు చక్రాలు మెలిపడి కడ్డీ వంగిపోతుంది. జూలై ఎండ. అన్నీ విప్పి, రెండు బండ్లూ విడివిడిగా తిప్పి, మళ్ళీ కట్టాం. "డాక్టరుగారూ, పొద్దున్నే కదా అన్నీ చూసుకున్నది. ఈ ఒక్కసారికి జాబితా వద్దులెండి" అన్నాను. ఆయన చెమట తుడుచుకుంటూ, "నిన్న లేచాడు కదా అని ఇవాళ పేషెంటు నాడి చూడ్డం మానేస్తామా? చదువు" అన్నారు. చదివాను. మనసులో తిట్టుకుంటూనే చదివాను.

ఇక అసలు సంగతి. రెండేళ్ళ క్రితం ఆర్కన్సా కొండల్లో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో మా ప్లేనో మిత్రులందరం కలిశాం. ఆదివారం వాన. బయలుదేరే ముందు జాబితా చదివాను, ఆయన అన్నీ ముట్టుకున్నారు, నాలుగు చక్రాలూ తిరిగాయి. గేటు దాకా వచ్చాం. మనవాళ్ళ వీడ్కోళ్ళు మీకు తెలియనివి కావు. ఇంట్లో గంట, గుమ్మంలో గంట, కారు దగ్గర ఇంకో గంట. గేటు దగ్గర ఒకాయన డాక్టరుగారి కిటికీ పట్టుకుని తన బీపీ గురించి మొదలుపెట్టాడు. నేను దిగి నిలబడ్డాను. ఇంతలో ఆ బీపీ ఆయన భార్య గొడుగు వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆగండాగండి! ఆవకాయ మర్చిపోయారు!"

"మేం మర్చిపోలేదమ్మా, మీరిప్పుడే ఇస్తున్నారు."

"మాటలకేం గానీ పట్టుకోండి. నూనె పైదాకా ఉంది, ఒరిగితే నా పూచీ లేదు."

మోటార్‌హోమ్‌లోకి ఊరగాయ రానివ్వరు డాక్టరుగారు. దుప్పట్లకి వాసన పడుతుందట. అందుకని జీపు తలుపు తీశాను. ముందు సీట్ల మధ్య జాడీ సరిగ్గా పడుతుంది, కానీ ఆ పొట్టి కర్ర అడ్డం. కాస్త ముందుకి నెట్టాను. బిగువుగా ఉండి సగం దాకా వెళ్ళింది. జాడీ నిటారుగా కూర్చుంది. ఆ క్షణంలో నేను ఆలోచించింది జాడీ గురించి. అంతే.

తలుపు తీశానని చెబితే మళ్ళీ మొదటి నుంచీ. వానలో. నాకు ఆకలేస్తోంది. మోటార్‌హోమ్ ఎక్కి డాక్టరుగారి పక్కన కూర్చున్నాను.

"అంతా సరేనా?" అన్నారు.

"అంతా సరేనండీ."

రోడ్డెక్కాక ఆయన రెండుసార్లు అన్నారు, "బండి బరువుగా లాగుతోందేమిటయ్యా" అని. "కొండ కదండీ" అన్నాను. వెనక కెమెరాలో వాన తప్ప ఏమీ కనబడలేదు. రెండు మైళ్ళ తర్వాత ఒక ట్రక్కతను పక్కనుంచి హారన్ కొడుతూ, వెనక్కి చూడమని చెయ్యి ఊపాడు.

ఆపాం. నేనే ముందు దిగాను. జీపు టైర్లు నేలని రాసుకున్న చోట చదునుగా అరిగిపోయి, లోపలి తీగలు బయటికొచ్చాయి. తడి రోడ్డు మీద కూడా పొగ. వెనకదొకటి పగిలి, పైన రేకు చింపింది. ఇంకో మైలు పోతే అంటుకునేదని తర్వాత మెకానిక్ అన్నాడు. నేను చేసిన మొదటి పని ఏమిటంటే, తలుపు తీసి జాడీని వెనక సీటు కిందకి తోసెయ్యడం. ఒక్క చుక్క నూనె సీట్ల మధ్య కారింది.

డాక్టరుగారు వానలో తడుస్తూ వచ్చి, లోపలికి వంగి, కర్ర ముట్టుకున్నారు. అది న్యూట్రల్‌లో లేదు.

"నేను వెయ్యలేదా?" అని నన్ను అడిగారు.

"ఏమోనండీ" అన్నాను.

"నాలుగూ తిరుగుతున్నాయన్నావు కదా?"

"తిరిగినట్టే అనిపించింది."

ముప్పై అయిదేళ్ళ పాటు తాను నిద్రపుచ్చిన ప్రతి మనిషినీ లేపిన ఆయన, ఆ రోజు రోడ్డు పక్కన తన చేతుల్ని తానే అనుమానంగా చూసుకున్నారు. ఆ చూపు నేను చూశాను.

కూతురికి ఫోన్ చేసి, "నేనే మర్చిపోయానమ్మా, న్యూట్రల్" అన్నారు. ఆమె హ్యూస్టన్ నుంచి వచ్చింది. "ఇంక చాలు నాన్నా. యూ కాంట్ డు దిస్ ఎనీమోర్" అంది. ఆయన వాదించలేదు. ఆ తర్వాతి వేసవికి అలాస్కా వెళ్ళాలని అప్పటికే గ్యారేజ్ గోడకి మ్యాప్ అంటించుకున్నారు, పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నారు. నెల తిరిగేసరికి మోటార్‌హోమ్ అమ్మేశారు. జీపుకి కొత్త టైర్లు వేయించి, దాంట్లో కూరగాయలకి మాత్రం వెళ్ళేవారు. నేను రోజూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. ప్రతిరోజూ ఇవాళ చెబుదామనుకునేవాణ్ణి. చెప్పకుండా ఇంటికొచ్చి పడుకునేవాణ్ణి. అబద్ధం మొయ్యడం ఇంత అలసటని నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

పదో రోజు సంతాప సభలో కూతురు మాట్లాడింది. మంచి మాటలే. మధ్యలో, "నాన్న ఫైనల్ ఇయర్స్‌లో కొంచెం మర్చిపోయేవారు. ఆ జీప్ ఇన్సిడెంట్‌తో మాకు తెలిసింది" అంది. అందరూ తలలూపారు. నా పక్కన కూర్చున్నావిడ ఆ ఆవకాయ ఇచ్చినావిడే. ఆవిడా తలూపింది, పాపం, ఆవిడకేం తెలుసు.

మర్నాడు గ్యారేజ్ సర్దుతూ నన్ను పిలిచింది.

"అంకుల్, ఇది నాన్న లిస్ట్. అంతా ఇంగ్లిష్‌లో ఉంది, లాస్ట్ లైన్ ఒక్కటే తెలుగు. నాకు చదవడం రాదు. ఏముంది?"

ప్లాస్టిక్ తొడుగు మీద, చెరగని సిరాతో, ఆయన దస్తూరీ. నేను ఏది చెబితే అదే నమ్ముతుంది. కళ్ళజోడు తెచ్చుకోలేదని అనొచ్చు. ముక్కు మీదే ఉంది.

చదివాను. "జాబితా అయ్యాక జీపు తలుపు తీస్తే మళ్ళీ మొదటి నుంచీ. ఆవకాయ జాడీ కోసం తీసినా సరే."

"ఆవకాయ? వై పికిల్?" అని నవ్వింది.

చెప్పాను. గేటు, గొడుగు, కర్ర, సీటు కిందకి తోసిన జాడీ, "ఏమోనండీ" అన్న మాట. చెబుతున్నంతసేపూ ఆమె నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"సో నాన్న మర్చిపోలేదు."

"లేదమ్మా. ఆయన ఏదీ మర్చిపోలేదు."

"నాన్నకి తెలుసా?"

"నూనె మరక చూసి ఉంటారు. ఆ లైను ఎప్పుడు రాశారో నాకు తెలీదు. నన్ను ఒక్క మాట అడగలేదు."

"టూ ఇయర్స్, అంకుల్. నేనే అమ్మించాను ఆ బండి. అలాస్కా వెళ్ళనివ్వలేదు."

గోడ మీద మ్యాప్ ఇంకా ఉంది. ఆమె వెళ్ళి దాని ఎదురుగా నిలబడింది. అటే తిరిగి అంది, "నిన్న అందరికీ నేను తప్పు చెప్పాను. మీరు రాస్తారు కదా, మీరే కరెక్ట్ చెయ్యండి. మీ పేరు పెట్టి." ఆమె నన్ను క్షమించిందని నేను అనుకోవడం లేదు. అడగలేదు కూడా.

అందుకే ఇది. మా పక్కింటి డాక్టరుగారు తన చివరి రోజు దాకా ఏదీ మర్చిపోలేదు. ఆ రోజు న్యూట్రల్ వేశారు. తీసింది నేను. ఆయన రెండేళ్ళు నా తప్పుని తన పేరు మీద ఉంచుకుని, నాకు రోజూ కాఫీ ఇచ్చారు.

మొన్న శనివారం ఆమె దగ్గర ఆ జీపు కొన్నతను వచ్చాడు, తన మోటార్‌హోమ్‌తో. వెనక కట్టుకుని కొలరాడో తీసుకెళ్తాడట. డాక్టరుగారి అమ్మాయి జాబితా నా చేతికిచ్చి, తను జీపులో కూర్చుంది. నేను చదివాను, ఆమె జవాబిచ్చింది.

"న్యూట్రల్?"

"ముట్టుకున్నాను అంకుల్. డ్రైవ్, కదల్లేదు. రివర్స్, కదల్లేదు. పార్క్."

ఆమె దిగి తలుపు వేసింది. అతను పది అడుగులు ముందుకు పోనిచ్చి ఆగాడు. నేను ఇటు పక్క వంగి చూశాను, ఆమె అటు పక్క వంగి చూసింది. నాలుగు చక్రాలూ తిరిగాయి. అతను వీధి చివర కుడి వైపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆమె లోపలికి వెళ్ళింది. నేను మా ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను.