తడి కారుతో గుడివాడ, బందరు

శనివారం ఉదయం అయిదున్నరకు మా ఊరి నుంచి బయలుదేరాం, నేనూ మా ఆయన నాంచారయ్యా. మాది పాలకాయతిప్పకు కాస్త ఇవతల. కారులో ముందు రెండు సీట్లే పొడిగా ఉన్నాయి. వెనక సీటు నొక్కితే నీళ్ళు ఊరుతున్నాయి. ముక్కిన వాసనకు తట్టుకోలేక చినుకులు పడుతున్నా అద్దాలు దించుకునే వెళ్ళాం.

పడవలో జారిపడి నడుం దెబ్బతిన్నాక, ఇక సముద్రం మీదికి వెళ్ళొద్దని మా ఆయనకు డాక్టరు చెప్పాడు. అందుకని వేసవిలో గుడివాడలో ఈ పాత కారు కొన్నాం. అవనిగడ్డ నుంచి నలుగురు టీచరమ్మలను మా వైపు బడులకు తీసుకురావడం, సాయంత్రం దింపడం, అదొక్కటే మాకు నికరమైన పని. వానలు మొదలైన దగ్గర నుంచి కారులోకి నీళ్ళు రావడం మొదలైంది. తలుపులకు కొత్త రబ్బర్లు వేయించాం. ముందద్దం చుట్టూ గమ్ము పూయించాం. ఏమీ తగ్గలేదు. గురువారం ఒక టీచరమ్మ కాళ్ళ దగ్గర పెట్టుకున్న పరీక్ష పేపర్ల కట్ట సగం తడిసిపోయింది.

"నాంచారయ్యా, సోమవారం దాకా చూస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే వేరే బండి మాట్లాడుకుంటాం. ఏమీ అనుకోకు" అన్నారావిడ. నాకు నలభై ఏడేళ్ళ వయసులో నా చేత అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఆవిడ కోప్పడి ఉన్నా బాగుండేదనిపించింది.

మా ఆయన దృష్టిలో తప్పంతా అమ్మినాయనదే. "తెలిసే అంటగట్టాడు" అంటూ రెండు వారాలుగా ఆయనను ఫోన్లో నానా మాటలూ అంటున్నాడు. కారు ఆయన గుమ్మం ముందు పెట్టేసి రావాలని ఈ ప్రయాణం.

పులిగడ్డ వంతెన దాటేసరికి ఆరున్నర. చల్లపల్లి దాటాక ఘంటసాల స్తూపానికి దారి చూపించే బోర్డు కనబడితే పైకి చదివాను. చదవడం వచ్చిన దగ్గర నుంచి ఏ బోర్డునూ వదలను.

"ఆ స్తూపం ఎక్కడికీ పోదు గానీ, ముందు ఈయన సంగతి తేలనీ" అన్నాడు మా ఆయన.

పామర్రులో ఇడ్లీ తిన్నాం. తొమ్మిదింటికి గుడివాడ చేరాం.

కారు అమ్మిన కోటేశ్వరరావు గారు బట్టల కొట్టు నడిపి, వయసు మీద పడి మానేసిన మనిషి. అరుగు మీద పేపరు చదువుతున్నారు. మమ్మల్ని చూసి పేపరు మడిచారు.

"రావయ్యా. ఫోన్లో తిట్టింది చాల్లేదా, ఇంటికే వచ్చావా?"

"తిట్టడానికి రాలేదండీ. మీ కారు మీరు తీసుకోండి."

"ఏడేళ్ళు తిప్పాను. ఒక్క చుక్క లోపలికి వస్తే ఒట్టు!"

"అంటే నా చేతికొచ్చాకే కన్నాలు పడ్డాయంటారా?"

ఇద్దరి గొంతులూ పెరిగాయి. కోటేశ్వరరావు గారి భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చివరికి ఆయనే చెప్పులు వేసుకున్నారు. "బందరులో ఖాసిం అని నా కారు పనులన్నీ చూసినవాడున్నాడు. పద. తప్పు నాదని అతనంటే ఇవాళే కారు వెనక్కి తీసుకుంటాను."

"కాదంటే?"

"కాదంటే నువ్వు నోరు మూసుకుంటావు."

పొడిగా ఉన్న సీట్లు రెండే కదా. వాళ్ళిద్దరినీ వెళ్ళమని, నేను రైలెక్కుతానన్నాను. ఆటోలో స్టేషనుకు వెళ్ళి, పది రూపాయలు పెట్టి బందరుకు టిక్కెట్టు తీసుకున్నాను. పదిన్నర దాటాక బండి కదిలింది. కిటికీ పక్కనే చోటు దొరికింది. పట్టాలకు రెండు వైపులా నాట్లు వేసిన పొలాలు నీళ్ళతో నిండి ఉన్నాయి. ఎదుటి సీట్లో, పెడనలో బట్టల మీద అచ్చులు అద్దే పని చేసే ఆవిడ కూర్చుంది. ఎక్కడికని అడిగితే సంగతంతా చెప్పాను.

"కొట్టుకుంటున్న మగాళ్ళిద్దర్నీ ఒకే కారెక్కించి వచ్చావా వదినా? బందరులో ఒకడే దిగుతాడేమో చూసుకో!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ కవుతరం, వడ్లమన్నాడు దాటుతున్నంతసేపూ నా ఆలోచన సోమవారం మీదే ఉంది. టీచరమ్మలు మానేస్తే మా ఆయన మళ్ళీ పడవెక్కుతానంటాడు. అంటే ఆపడం నా వల్ల కాదు.

బందరులో దిగి, ఆటోలో కోనేరు సెంటరు దాటి, ఖాసిం గారి షెడ్డు చేరేసరికి పన్నెండు కావస్తోంది. మగవాళ్ళిద్దరూ ఉన్నారు, బెంచీకి చెరో చివర కూర్చుని. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఖాసిం గారు వెనక సీటూ కింది పట్టా ఊడదీసి ఎండలో వేశారు. నేల రేకును గుడ్డతో తుడిచి, దాని మీద పాత వార్తాపత్రికలు పరిచారు. అరవై దాటిన మనిషి, తొందర లేదు.

"కాగితం మీద తడి మచ్చ ఎక్కడ ముందు పడితే అక్కడే మన దొంగ ఉన్నట్టు. అమ్మా, మీరు సన్నగా ఉన్నారు, లోపల కూర్చుని చూస్తారా?"

టార్చి తీసుకుని లోపల గొంతుక్కూర్చున్నాను. తలుపులన్నీ వేసి బయట నుంచి గొట్టంతో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టారు. పైనుంచి కాదు, కింద నుంచి. పైనుంచి పోస్తే అన్నీ ఒకేసారి తడిసిపోయి ఏదీ తేలదట. చక్రాల దగ్గర కొట్టారు, ఏమీ లేదు. తలుపుల అంచుల మీద కొట్టారు, లేదు. ముందద్దం మీద కొట్టారు, లేదు. పక్క అద్దాల మీద పోయసాగారు. పది నిమిషాలు గడిచాయి. ఎడమ వైపు వెనక తలుపుకు లోపల బిగించిన అట్ట అడుగు నుంచి సన్నటి ధార దిగి కాగితం మీద మచ్చ కట్టింది.

"వచ్చింది!" అని అరిచాను.

ఖాసిం గారు నీళ్ళు ఆపి, తలుపు తెరిచి ఇటూ అటూ ఊపారు. లోపల బిందెలో నీళ్ళు తొణికినట్టు చప్పుడు. వంగి తలుపు అడుగున వేలితో తడిమారు. గోరుతో ఏదో గీకి వాసన చూశారు.

"ఇదేంటిది? గుగ్గిలమా? కన్నాలు మూసేశారు! గ్లాసు పక్క నుంచి వాననీళ్ళు తలుపులోకి దిగడం మామూలే, ఏ కారుకైనా దిగుతాయి. దిగినవి బయటికి పోవడానికే అడుగున ఈ కన్నాలు. ఇవి మూస్తే నీళ్ళు తలుపులో నిండి లోపలికి పొర్లుతాయి మరి."

"చూశారా!" అంటూ మా ఆయన కోటేశ్వరరావు గారి మీదికి లేచాడు. "ఏవో చిల్లులు కప్పెట్టి నాకు అమ్మారు! ఇప్పుడేమంటారు?"

కోటేశ్వరరావు గారి మొహం తెల్లబోయింది. "నేనా? నాకు గుగ్గిలమంటే ఏంటో కూడా తెలీదు ఖాసిం" అన్నారు.

నేనింకా కారులోనే ఉన్నాను. గుగ్గిలం పొడిని నూనెలో కలిపి, దూదికి పట్టించి, కర్ర పడవల సందుల్లో కూరడం మా పుట్టింటి వాళ్ళ పని. కారు కొన్న మర్నాడు తుడుస్తుంటే తలుపుల అడుగున కన్నాలు చేతికి తగిలాయి. కన్నంలోంచి నీళ్ళు రావడమే గానీ పోవడం నేనెక్కడ చూశాను? నాలుగు తలుపులకూ శ్రద్ధగా కూరాను. మా ఆయన నిద్రపోతున్నాడు. మంచి పనే కదా, చెప్పాలని కూడా అనిపించలేదు.

నేను ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కోటేశ్వరరావు గారు మాట ప్రకారం కారు తీసుకునేవారేమో కూడా. దిగి మా ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"ఆయన కాదు మావా. నేనే కూరాను."

మా ఆయన నా వంక, తలుపు వంక, మళ్ళీ నా వంక చూశాడు.

"నాలుగింటికీనా?"

"నాలుగింటికీ."

తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. "నేను చూసినా అదే పని చేసేవాణ్ణి. పైగా ఇంకో పూత వేసేవాణ్ణి" అన్నాడు. ఖాసిం గారు ముందు నవ్వారు. కోటేశ్వరరావు గారు నవ్వలేదు.

ఇనప పుల్లతో గుగ్గిలం పెకలిస్తే ఒక్కో తలుపులోంచి బురదనీళ్ళు బుడబుడమని దూకాయి. ఖాసిం గారు ఇంకోసారి కాగితాలు పరిచి, ఇంకోసారి నీళ్ళు కొట్టారు. కాగితం తడవలేదు. పక్క వీధిలో పప్పుచారుతో అన్నం తిని వచ్చేసరికి సీటు మూడొంతులు ఆరింది.

నాలుగింటికి కోటేశ్వరరావు గారు రైలుకు వెళ్తానన్నారు. బందరు నుంచి మాకు చల్లపల్లి దారి దగ్గర. అయినా మా ఆయన ముందు తలుపు తీసి పట్టుకుని, ఆయన ఎక్కేదాకా నిలబడ్డాడు. బండి గుడివాడ వైపు తిప్పాడు. నేను వెనక, సీటు మీద గోనెపట్టా వేసుకుని కూర్చున్నాను.

పెడన దాటాక వాన అందుకుంది. గుడ్లవల్లేరులో టీ కోసం ఆగాం. దిగేముందు చెయ్యి చాపి నేలంతా తడిమి చూశాను. పొడిగానే ఉంది.

"ఏవండోయ్! మీ బండి తలుపుల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి!" అని టీ కొట్టాయన కేకేశాడు.

"పోనివ్వవయ్యా, అవి పోవాల్సినవే" అన్నారు కోటేశ్వరరావు గారు, కారు ఇంకా తనదే అయినట్టు.

మా ఆయన గ్లాసు పట్టుకుని ఆయన దగ్గరగా జరిగాడు. "ఫోన్లో నేనన్న మాటలు..."

"అన్నావు. స్పీకరు పెట్టి ఉండగా అన్నావు. మా ఆవిడ కూడా విన్నది. ఇంట్లోకి వచ్చి ఆవిడకు చెప్పు."

గుడివాడలో మా ఆయన దిగి లోపలికి వెళ్ళాడు. నేను కారులోనే ఉండిపోయాను. రెండు నిమిషాలకు ఆవిడే గొడుగు వేసుకుని వచ్చి నా పక్క తలుపు తీసింది. "ఒప్పుకున్న మనిషివి నువ్వు బయట కూర్చున్నావేంటమ్మా, లోపలికి రా" అంది. వేడి ఉప్మా పెట్టింది.

ఇంటికి చేరేసరికి తొమ్మిది దాటింది. వాన దారంతా కురుస్తూనే ఉంది. ఆ తర్వాతి వారం కూడా కురిసింది. టీచరమ్మలు మా బండిలోనే వస్తున్నారు.

ఎవరి కారులోనైనా వాననీళ్ళు చేరితే మాలాగా ఇంత దూరం తిరగనక్కర్లేదు. ఒకరిని ఒక మాట అనే ముందు, తలుపు అడుగున ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. నేను మాత్రం గుగ్గిలంతో వేలు పెట్టాను.