చెంచు పడిన జాలి

ప్రభుత్వం మా ఇనాం భూములు తీసుకున్న ఏడాది నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వెళ్లాను. పక్కన ఒక చెంచు కూర్చుంటే నా పైపంచె దగ్గరకు లాక్కున్నాను. దారి పొడుగునా ముందు సీటులోని పెద్దమనిషికి మా తాతగారి వైభవం, మాకు జరిగిన అన్యాయం చెబుతూనే ఉన్నాను. చెంచు అంతా విన్నాడు.

"నీదీ గుంజుకున్న్యారా, అప్పా?" అన్నాడు. సామీ అనలేదు. "నీకూ ఇల్లు కట్టిచ్చినారా?"

లేదన్నాను.

"అయితే నీదే మేలు. మమ్మల్ని నల్లమల నుంచి దింపి రాతిండ్లల్లో పెట్టినారు. మాయమ్మకు ఆడ ఊపిరాడదు. అడివిలో సస్తా, తోడ్కపోరా అంటాది. గార్డు పోనీడు. నంద్యాలలో అడివి దొరను అడిగొస్తాండా."

"ఏమన్నాడు?"

"నవ్వినాడు. మంచి ఇల్లిడిసి యాడికి పోతావన్న్యాడు."

నేనూ నవ్వబోయి ఆగాను.

అతను ఆకులో చుట్టిన తేనెపట్టు విప్పి పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు. "తిను. భూమి పోయినోనికి ముందు పెట్టాలంటాది మాయమ్మ."

మా అమ్మ సొంత ఇంట్లో, తన మంచం మీదే కన్నుమూసింది. ఆ మాట అతనికి చెప్పలేక, తల వంచుకుని తిన్నాను.