ఏడో గడిలో మావయ్య దస్తూరి

మా మావయ్యను అందరూ మూడు కాపీల మావయ్య అంటారు. వరసకు నా ఒక్కదానికే మేనమామ అయినా, పడవ ఉన్న ప్రతివాడికీ మావయ్యే. పడవల రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్ల పక్కన రేకుల షెడ్డులో ఆయన బల్ల, రెండు కుర్చీలు, కాళ్ళ దగ్గర ఒక ట్రంకు పెట్టె. కొత్త పడవ నమోదైనా, ఉన్న పడవ చేతులు మారినా, యజమాని పోయి వారసుల పేరుకు మార్చాలన్నా దరఖాస్తు ఆయనే రాయాలి. ఒకటి ఆఫీసుకు, ఒకటి రాయించుకున్న పార్టీకి, ఒకటి ట్రంకులోకి. పక్కనే నా జిరాక్సు కొట్టు. "ఒక్క నిమిషంలో తీసిస్తాను కదా మావయ్యా" అంటే, "మిషనుకు చదవడం రాదే" అంటాడు. మూడూ చేత్తోనే రాస్తాడు. నా వ్యాపారానికి మొదటి శత్రువు సొంత మేనమామే.

పార్టీ నోటివెంట వచ్చిందే రాయాలని ఆయన పట్టుదల. ఒక్క అక్షరం కలపడు, ఒక్కటి తీయడు. లోపలివాళ్ళు దరఖాస్తు వెనక్కి పంపితే "వాళ్ళ కళ్ళజోళ్ళు మార్చాలి" అంటాడే తప్ప, తప్పు నాది అన్న మాట ఆయన నోట మా అత్తయ్య కూడా వినలేదు.

ఇంత చాదస్తాన్ని భరించిన స్నేహితుడు ఒక్కడే, గడియారాలు బాగుచేసే బాబాయి. ఆయనకొక చిన్న చెక్క పడవ ఉండేది. ఆదివారం వస్తే భార్యను ఎక్కించుకుని నీళ్ళమీదికి వెళ్ళిపోయేవాడు. ఆమెను ఆయన పిలిచే పేరు బుజ్జి. పడవ ముందు భాగాన నీలం రంగుతో ఆ పేరే రాసుకున్నాడు, వంకరటింకరగా. రోజూ మధ్యాహ్నం మావయ్య కారియరు మూత తీసే వేళకు సరిగ్గా ఊడిపడేవాడు.

"తిన్నావురా?" అనేవాడు మావయ్య.

"ఎక్కడా? బుజ్జి ఇంకా పెట్టలేదు."

అప్పటికే ఇంట్లో శుభ్రంగా తిని వచ్చేవాడని అందరికీ తెలుసు. "మారు వడ్డించుకుని మరీ తిని, వీధిలో నా పరువు తీస్తారు" అని పిన్ని మొత్తుకునేది. మావయ్య మాత్రం సగం కారియరు అటు జరిపేవాడు.

ఆ బాబాయి మొన్న వేసవిలో నిద్రలోనే పోయాడు. పిన్ని రెండు నెలలు రేవు ముఖం చూడలేదు. తర్వాత ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. యజమాని పోయిన తొంభై రోజుల్లో పడవ వారసుల పేరుకు మారకపోతే, రేవులో దాన్ని కట్టుకునే చోటు వరసలో ఉన్న మరొకరికి ఇచ్చేస్తారు. ఆ చోటు పోతే పడవను అమ్ముకోవడమే. పిన్ని ఇంటిముందు సైకిలు పెట్టడానికే జాగా లేదు.

ఎనభయ్యో రోజున వచ్చి మావయ్య ఎదురుగా కూచుంది. "అన్నయ్యా, ఇంట్లో ఏ గదికి వెళ్ళినా ఆయన లేరని తెలుస్తోంది. నిన్న వెళ్ళి పడవలో కూచున్నాను. ఎదురుగా ఉన్నట్టే ఉంది. దాన్ని పోనివ్వకండి."

"నేనుండగా ఎలా పోతుంది చెల్లెమ్మా?" అన్నాడు మావయ్య. ఆ పూటే మూడు కాపీలూ తయారయ్యాయి.

ఏటేటా లైసెన్సు పొడిగించేటప్పుడు నంబరు చూస్తారంతే. యాజమాన్యం మార్చేటప్పుడు మాత్రం ఇన్‌స్పెక్టరు స్వయంగా వచ్చి నంబరూ పేరూ సరిచూడాలి. ఆయన రేవుకు వచ్చేది గురువారాలే. ఎనభై రెండో రోజున వచ్చి పడవను చూశాడు, రిజిస్టరు చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో ఉన్న పేరు ఇది కాదండీ" అని రిజిస్టరు పిన్నివైపూ మావైపూ తిప్పాడు.

పడవ పేరు: ఇంకా పెట్టలేదు.

మావయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "చూశారా మీ గుమాస్తాల నిర్వాకం! ఉండండి, నా కాపీ తెస్తాను" అని షెడ్డుకు పరుగెత్తాడు. వెనకే నేను. ట్రంకు అడుగునుంచి ముప్పై ఏళ్ళనాటి కాగితం తీశాడు. పడవ పేరు రాసే ఏడో గడిలో గుండ్రటి అక్షరాలు. ఇంకా పెట్టలేదు. అది మావయ్య దస్తూరే.

అప్పుడే కొత్తగా బల్ల వేసుకున్న రోజులు. పడవ పేరేమిటని ఈయన అడిగాడు. ఇంకా పెట్టలేదండి, అన్నాడు బాబాయి. పార్టీ నోటివెంట వచ్చింది కదా, ఈయన రాసేశాడు. 'అండి' ఒక్కటే వదిలేశాడు, గడిలో చోటు చాలక.

ట్రంకు మూసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నేనైతే మూసేసేదాన్నే. మావయ్య ఆ కాగితం పట్టుకుని రేవుకు నడిచాడు. "తప్పు నాదే" అన్నాడు, ఇన్‌స్పెక్టరుతో కాదు, పిన్నితో. నాకు మా మావయ్య మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది.

రిజిస్టరులో పేరు మార్చాలంటే అరవై రోజుల గడువుతో ప్రకటన ఇవ్వాలట. మాకు మిగిలినవి ఎనిమిది రోజులే. "లేదా పడవ మీదే రిజిస్టరులో ఉన్న పేరు రాయించండి. వచ్చే గురువారం చూస్తాను" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని పడవకు అడ్డంగా నిలబడింది. "ఇది ఆయన చేత్తో రాసింది. పడవ పోయినా సరే, దీన్ని చెరపనివ్వను."

మావయ్య మూడు రోజులు నిబంధనల పుస్తకంలో తల దూర్చి కూచున్నాడు. పలకరిస్తే కసురుకున్నాడు. నాలుగో రోజు నా కొట్టుకొచ్చి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. "చదవవే."

"నమోదైన పేరు పడవ ముందు భాగమున స్పష్టముగా కనబడవలెను."

"కనబడాలన్నాడు. పక్కన ఇంకోటి కనబడకూడదన్నాడా?"

బుధవారం పంచె ఎగ్గట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగాడు. బుజ్జి పక్కనే నీలం రంగుతో తానే రాశాడు, పెయింటరును రానివ్వలేదు. "మూడుసార్లు రాయవా మావయ్యా?" అని ఏడిపించాను. వినిపించుకోలేదు. అక్షరాలు కారిపోకుండా చూసుకోవడమే సరిపోయిందాయనకు. అంతా కలిపి చదవాలని ఇద్దరికీ తట్టలేదు.

గురువారం, ఎనభై తొమ్మిదో రోజు, ఇన్‌స్పెక్టరు వంగి పైకే చదివాడు.

"బుజ్జి ఇంకా పెట్టలేదు."

పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. బాబాయి పోయాక అదే మొదటి నవ్వు. ఆ నవ్వు ఆగక ఏడుపైంది, ఏడుపు మళ్ళీ నవ్వైంది. మావయ్య అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు కంగారుగా.

"ఏం లేదు సార్, భోజనం సంగతి" అన్నాను.

ఆయనకేమీ అర్థం కాకపోయినా నంబరు సరిచూసి, పేరు సరిచూసి, సంతకం పెట్టాడు. పడవ పిన్నిదైంది.

మరుసటి ఆదివారం మావయ్య పేరు మార్పు దరఖాస్తు మూడు కాపీలూ రాసుకుని రేవుకొచ్చాడు. "నా తప్పు నేనే దిద్దుతాను చెల్లెమ్మా. ఒక్క సంతకం పెట్టు. వట్టి బుజ్జి అని మార్పించేస్తాను."

పిన్ని పడవలో కూచుని తాడు విప్పుతోంది. "వద్దన్నయ్యా. ఇంకా పెట్టలేదనే ఉండనీ. పెట్టేశానంటే, తిని లేచి వెళ్ళిపోతారాయన."

మావయ్య మూడు కాపీలూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.