అంచుకు పూసిన జిన్

కెంట్ తీరాన విట్‌స్టబుల్ రేవు పక్కనున్న ఎర్ర లంగరు పబ్బులో బెరిల్ స్టాగ్ పందొమ్మిదో ఏట గ్లాసులు కడగడానికి చేరి, నలభై దాటేసరికి ఆ బల్ల వెనుక రాణి అయింది. జిన్ అండ్ టానిక్ విషయంలో ఆమె పట్టింపులు ఊరందరికీ తెలుసు. ముందు ఐసు, దానిమీద జిన్, ఆపైన నిమ్మ బద్ద. టానిక్ అనే చేదు సోడా సీసా మూత తీసి పక్కన పెట్టడం వరకే తన పని. అందులోంచి ఎంత పోసుకోవాలన్నది తాగేవారి హక్కు.

అలాంటి మనిషి ఏడాదిగా మిస్ ఒలివ్ ప్రాథెరోకు జిన్ పోయడం లేదు. పదవీ విరమణ చేసిన ఆ ప్రధానోపాధ్యాయురాలి కాలేయం చెడిందనీ, చెబితే వినే మనిషి కాదనీ మేనల్లుడు వచ్చి బతిమాలితే బెరిల్ ఒప్పుకుంది. వెనక్కి తిరిగి గ్లాసులో మంచినీళ్లు పోసి, అంచుకు మాత్రం జిన్ తడి పూసి ఇచ్చేది. వాసన తగలగానే పెద్దావిడ నాలుక నమ్మేసేది. ఒక మనిషి గ్లాసులో ఏముండాలో ఆ మనిషిని అడగకుండా ఇద్దరు తీర్మానించుకుని, దానికి దయ అని పేరు పెట్టుకోవడం ఎంత సులువో!

1974 జూన్‌లో బెరిల్ పన్ను పీకించుకోవడానికి వెళ్లిన మధ్యాహ్నం యజమాని సిరిల్ స్వయంగా గ్లాసు అందించాడు. ఈ ఏర్పాటు అతనికి తెలియదు. మిస్ ప్రాథెరో టానిక్ పోసుకుని, ఒక గుక్క మింగి, ఉక్కిరిబిక్కిరైంది.

"ఏం కలిపావయ్యా ఇందులో? కిరసనాయిలా?"

"ఒట్టు, జిన్నే మేడమ్! మీ ఎదురుగానే పోశాను కదా!"

"టీచరమ్మగారికి ఇన్నాళ్లకి అసలు సరుకు దొరికినట్టుంది," అన్నాడు పక్క బల్ల దగ్గరున్న, సముద్రంలో గుల్లలు పట్టే లెన్. పబ్బంతా నవ్వింది.

అప్పుడే వాచిన దవడకు రుమాలు కట్టుకుని బెరిల్ లోపలికి వచ్చింది.

"రా తల్లీ, సమయానికొచ్చావ్! ఇతగాడి నిర్వాకం చూడు. రోజూ ఇచ్చేలాంటిది ఒకటి కలిపివ్వు. ఇక్కడే, నా ముందు."

బెరిల్ చెయ్యి సీసా దాకా వెళ్లి ఆగిపోయింది. అసలుది పోస్తే సిరిల్ ఇచ్చిన రుచే వస్తుంది. నీళ్లు పోస్తే అందరూ చూస్తారు.

"నేను... మీకు పోయడం లేదండీ. అంచుకు రాస్తున్నానంతే. మీ మేనల్లుడుగారు..."

నవ్వులు టక్కున ఆగాయి. లెన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎప్పట్నించి?"

"పోయిన వేసవి నుంచి."

మిస్ ప్రాథెరో ముఖం పాలిపోయింది. "అంటే ఏడాదిగా నీళ్లు తాగి, కాస్త ఎక్కువైందేమోనని గోడలు పట్టుకుని ఇంటికి పోతున్నానా నేను?"



"మీ మంచికేనండీ..."

"నా మంచి సంగతి నన్నడగాలమ్మా. అడిగితే మానేసేదాన్నేమో! ఇప్పుడెవరికి తెలుస్తుంది?"

ఆమె చేతిసంచీ తీసుకుని బయటికి నడిచింది. బెరిల్ వెనకాలే గుమ్మం దాకా పరుగెత్తింది. పెద్దావిడ వీధి దాటి ఎదుటి పబ్బులోకి వెళ్లింది. అక్కడ కూర్చోలేదు. కిటికీ అద్దంలోంచి స్పష్టంగా కనిపిస్తోంది: బల్లకు ఆనుకుని నిలబడి, గ్లాసు నింపుతున్న అక్కడి అమ్మాయి చేతులనే కళ్లార్పకుండా చూస్తోంది.