గుండుకో ఊలు టోపీ

మొన్న కొండ మీద నా పరువును ఒక టిఫిన్ క్యారియరు కాపాడింది. నవ్వకండి, టీ చల్లారేలోపు మొదటి నుంచీ చెప్తాను.

మా ఆడపడుచు లత చిత్తూరులో ఉంటుంది. ఆమె కూతురు చిట్టికి పదకొండో నెల. పాపకు పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయించాలని మొక్కు. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి, కొత్త బట్టలు కూడా మేనమామ ఇంటి నుంచే రావాలి. ఆ మేనమామ మా ఆయన, కాబట్టి బట్టలు నా పూచీ. డిసెంబరులో పొద్దున్నే కొండ మీద గాలి ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. పైగా చిట్టికి అప్పుడప్పుడే దగ్గు తగ్గింది.

"టోపీ ఒకటి కొంటా వదినా," అంది లత ఫోన్లో.

"కొనేదేంది? నేను అల్లుతా. నువ్వు ఒక్కటి కూడా తేవద్దు," అన్నాను. అప్పటికి నేను జీవితంలో అల్లింది జడ ఒక్కటే.

ఊలు, సూదులు తెచ్చుకుని యూట్యూబ్ తెరిచాను. సూది మీద మొదటి వరస కుట్లు ఎక్కించడాన్ని కాస్ట్ ఆన్ అంటారట. దానికే పాతిక రకాలున్నాయి. ముగ్గుకు ముందు చుక్కలు పెట్టడం లాంటిదేగా, ఇన్ని రకాలు దేనికి అనుకున్నాను. అన్నిట్లోకీ సులువుగా కనిపించింది బొటనవేలి పద్ధతి. దారాన్ని వేలికి చుట్టడం, సూదికి తగిలించడం, అంతే. జారిపోతాయేమోనని ఒక్కో కుట్టునూ బిగించి లాగాను. నాలుగు రోజుల్లో టోపీ తయారు. ఆదివారం లత పాపను తీసుకొస్తే తొడగబోయాను. అంచు గాజులాగా బిగుసుకుపోయి ఉంది. చిట్టి ఉంగరాల జుట్టు మీదే ఆగిపోయింది, ఇక కిందికి దిగనంది.

మా అత్త దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. "ఏమ్మే సుమతీ, ఇది బిడ్డ తలకాయకా, టెంకాయకా?"

"అంచు సాగడంల్యా అత్తా. కాస్ట్ ఆన్ మార్చాల," అన్నాను, ఏదో తెలిసినదానిలాగా.

రెండోది లాంగ్ టెయిల్. ముందే దారానికి పొడుగ్గా తోక వదిలి, ఆ తోకతోనే కుట్లన్నీ వేసుకుంటూ పోవాలి. ఎంత తోక వదలాలో వీడియోలో అమ్మాయి చెప్పింది. సరిగ్గా అప్పుడే నేను కుక్కరు కట్టేయడానికి లేచాను. ఇంకా పది కుట్లు ఉండగా దారం అయిపోయింది. విప్పి మళ్ళీ వేస్తే ఈసారి రెండు మూరలు మిగిలింది. తల ప్రాణం తోకకు రావడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఇంతా చేసి అంచు గట్టిగానే ఉంది, మొత్తం విప్పేశాను.

మూడోది రెండు సూదులు కలిపి పట్టుకుని, దారానికి ఒక మెలిక ఎక్కువ తిప్పే పద్ధతి. అది పట్టుబడడానికి వారం పట్టింది. ఆ వారంలో కూరకు రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన వంక పెట్టకుండా తిన్నాడు, చెల్లెలి బిడ్డ పని కదా. ఈసారి పొరపాటు జరగకూడదని నేనే చిత్తూరు బస్సెక్కి వెళ్ళి టేపుతో పాప తల కొలిచాను, ఉంగరాలు నలగకుండా జాగ్రత్తగా. అల్లి తీసుకెళ్ళి తొడిగితే అచ్చు పోసినట్టు కుదిరింది.

"ఎంత బాగుండాదో వదినా, అంగట్లో కూడా ఇట్లాంటిది దొరకదు," అంది లత. ఆ మాటకు తిరుపతి చేరేదాకా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇక మొన్న. మా ఆయన ఒడిలో చిట్టి, ఒకటే ఏడుపు. కాసేపట్లో నున్నటి గుండు బయటపడింది, గంధం పూశారు. గాలికి పాప చెవులు ఎర్రబడ్డాయి. నేను గర్వంగా టోపీ తీసి తొడిగాను. అది ఆగలేదు. నుదురు దాటింది, కళ్ళు దాటింది, ముక్కు మీద కాసేపు ఆలోచించి మెడలోకి దిగిపోయింది.

అప్పుడు వెలిగింది. నెల రోజులుగా మా ఇంట్లో గుండు మాట తప్ప వేరే మాట లేదు. ఆ గుండుకని నేను కొలిచింది జుట్టును.

"జుట్టు తీస్తే దీని తలకాయ ఇంతేనా?" అంది లత, సొంత కూతుర్ని కొత్తగా చూస్తూ. చిట్టి వరసగా రెండు తుమ్ములు తుమ్మింది. నాకు నిజంగానే భయమేసింది. ఒక్క టోపీ కూడా తేవద్దని బీరాలు పలికింది నేనే.

"ఉండండి, అంగట్లో కొనుక్కొస్తా," అని మా ఆయన లేచాడు.

"యాడికిరా? కూసో," అంది మా అత్త. సంచి ముందుకు లాక్కుని పాప గుజ్జన్నం క్యారియరు బయటికి తీసింది. దాని నెత్తిన నా మొదటి టోపీ. "అన్నం వేడిగా ఉంటాదని తొడిగినా. బాగా పట్టుకుంటాది," అని ఊడదీసి, దులిపి, గుండుకు తొడిగింది. టోపీ చెవుల్ని మూసి, చెక్కుచెదరకుండా కూర్చుంది. నెయ్యి వాసనకు చిట్టి ఏడుపు కూడా మానింది.

నా ప్రాణం కుదుటపడింది. "అయితే అత్తా, నేను మొదట వేసిందే కరెక్టు."

"అవునే సుమతీ. నీకేమీ రానప్పుడే సరిగ్గా అల్లినావు."

మూడు పద్ధతులు నేర్చుకుని అల్లిన టోపీ ఇప్పుడు క్యారియరు తొడుక్కుంటోంది. దానికీ వదులే.