ఎడమ భుజం

నలభై ఎనిమిదిలో పోలీసు చర్య ముగిసిన వారంలో, పట్టపగలు, మా ఊళ్లో కర్రసాము నేర్పే ఉస్తాద్ ఎడమ భుజం ఒకే ఒక్క దెబ్బకు విరిగింది. ఆ భుజం మొన్న మా మనవరాలి ఫోనులో మళ్లీ కళ్లబడింది. కరాచీలో ఎక్కడో ఒక మైదానం. ఇరవైమంది పిల్లలు కుడిచేత్తో కర్ర తిప్పుతున్నారు. అందరి ఎడమ చేతులూ నడుము వెనక గుడ్డతో కట్టేసి ఉన్నాయి. "ఎడమచెయ్యి కదపకపోవడమే మా పద్ధతి. దక్కన్ నుంచి వచ్చిన పెద్ద ఉస్తాద్ పెట్టిన నియమం" అని అక్కడి గురువు ఉర్దూలో గర్వంగా చెబుతున్నాడు. ఆ వీడియో మళ్లీ పెట్టమని మనవరాలిని అడిగాను.

మా ఊరికి భువనగిరి గుట్ట కనిపిస్తుంది. ఉస్తాద్‌ను మేం పిల్లలం మామ అని పిలిచేవాళ్లం. దొర మనుషులనూ రజాకార్లనూ ఎదుర్కోవాలని ఊరి రైతుల సంఘం వాళ్లు కర్ర పట్టినప్పుడు నేర్పింది ఆయనే. లుంగీ ఎగ్గట్టి, బుగ్గన తమలపాకుతో, ఒక్కొక్కరినీ దులిపేవాడు. "గిదేం తిప్పుడుర, పొయ్యి మీద జొన్న గట్క కలుపుతున్నవా? మీ ఇంటామె నీకన్న మంచిగ తిప్పుతది!" అంటే చూడవచ్చిన ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. మా బాపు, అంటే మా నాన్న, ఒక్కడే ధైర్యం చేసి, "అయితే ఆమె దగ్గరనే నేర్సుకుంట తియ్యి ఉస్తాదూ" అనేవాడు.

ఆయన చదువులో ఆఖరి పరీక్ష ఒకటుండేది. తిరుగుతూ తిరుగుతూ ఎడమ భుజాన్ని ఒక్క క్షణం ఖాళీగా వదిలేవాడు. శిష్యుడు అది కనిపెట్టాలి, కర్ర దించాలి, భుజానికి వేలెడు ఎత్తున ఆపాలి. "కొట్టుడు గాడిదకు గూడ వస్తది. ఆపుడు వచ్చినోడే నా శిష్యుడు" అనేవాడు. ఆ ఖాళీ ఎప్పుడు వస్తుందో బయటివాళ్లకు అంతుపట్టదు. పరీక్ష నెగ్గింది ముగ్గురే. వాళ్లలో బాపు ఒకడు.

పోలీసు చర్యతో నిజాం రాజ్యం పోయాక చుట్టుపక్కల నుంచి గుంపు వచ్చింది. వాళ్లకు ఆయన సంఘం ఉస్తాద్ కాదు, ఉత్త ముసల్మాన్. మా ఊరివాళ్లూ కొందరు కలిశారు. భార్యాపిల్లలు దొడ్డిదారిన బయటపడేదాకా ఆయన గుమ్మం ముందు కర్ర తిప్పుతూనే ఉన్నాడట. ఎన్ని కర్రలు లేచినా తగిలింది ఒక్కటే. అది ఆ ఖాళీలోనే దిగింది.

"మీ బాపు అడ్డం పోయిండు బిడ్డా" అని అమ్మ చెప్పింది. ఆ సాయంత్రం బాపు తన కర్రను పొయ్యిలో పెట్టి, అది బూడిదయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు. మళ్లీ కర్ర ముట్టలేదు. పొలంలో పాము కనిపించినా నన్నే పిలిచేవాడు.

ఉస్తాద్ కుటుంబంతో సరిహద్దు దాటి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు కరాచీ నుంచి బాపు పేరిట ఒక ఉత్తరం వచ్చింది. ఉర్దూ తెలిసిన బడిపంతులు చదివి చెప్పాడు: "ఎడమచెయ్యి లేస్తలేదు. ఒంటిచేత్తోనే నేర్పుతున్న. నన్ను చూసి పిల్లలు గూడ చెయ్యి కట్టేసుకుంటున్నరు. ఎందుకో నేను చెప్పలేదు. నువ్వు గూడ చెప్పకు."

బాపు ఆఖరి మాట రెండోసారి చదివించుకున్నాడు.

"ఇంకేమన్న రాసిండా సారూ?"

"గంతే."

ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికి కాకుండా పొలంవైపు నడిచాడు.

పత్రికలో పనిచేసిన అన్నేళ్లూ ముక్కూమొహం తెలియనివాళ్లను ఎన్ని ప్రశ్నలడిగానో. బాపును ఈ ఒక్కటీ అడగలేదు. కరాచీ పిల్లలు ఇంకా చెయ్యి కట్టుకుంటున్నారు. పరీక్ష నెగ్గిన ముగ్గురూ ఇప్పుడు లేరు. ఆ రోజు కర్ర ఆపనిది వాళ్లలో ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.