మనవరాలికి చైనా పేరు

మా అమ్మాయి చైనాలో డాక్టరీ చదివి, తనతో చదివిన చైనా అబ్బాయినే పెళ్లి చేసుకుంది. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలని నేను పట్టుబడితే భర్తతో సహా తెనాలి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఆ మర్నాడే తీర్మానించేశాను, కిందటేడు పోయిన మా అమ్మ పేరే పిల్లకని. చైనా అక్షరాల్లో రాసుకుంటే రాసుకోండి, పేరు మాత్రం మా అమ్మదే అన్నాను. ఆ పేరుతోనైనా అమ్మ మళ్లీ ఇంట్లో తిరుగుతుందని నా ఆశ.

వియ్యపురాలు వీడియో కాల్‌లో తల అడ్డంగా ఊపింది. అల్లుడు ఫోన్ భార్య చేతిలో పెట్టేశాడు. చివరికి మా అమ్మాయే చెప్పింది. వాళ్లలో పెద్దల పేరు పిల్లలకు పెడితే పెద్దలను అగౌరవపరిచినట్టట. మనలో పెట్టకపోతేనే అగౌరవం. నాకు ఒళ్లు మండి, రెండు రోజులు వియ్యపురాలికి వీడియోలో మొహం చూపించలేదు.

ఆవిడ మాత్రం మూడు పేర్లు తన గొంతుతో పలికి పంపింది. చెవికి ఇంపైనదేదో మీరే తేల్చండి అంది. పేరున్నది పిలవడానికేగా, డాబా ఎక్కి మూడూ కేకేసి చూశాను. మొదటిది నాలుగిళ్లు కూడా దాటలేదు. రెండోదానికి నా నోరే తిరగలేదు. మూడోది వీధి చివరిదాకా సాగింది. పాలు పోసే ఆవిడ ఆగి, "బాగుందండి, ఎవరి పేరండి?" అంది. వాన చప్పుడని దాని అర్థమట. పేరు ఇక్కడ రాయను, మా దిష్టే చాలు దానికి. నచ్చింది గానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

అమ్మ పోయాక రేపల్లె నుంచి వచ్చి నాతో ఉంటున్న నాన్న, అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేని మనిషి, భోజనాల దగ్గర నోరు విప్పాడు.

"మీ అమ్మ పేరు పెడితే పిల్లని నేనెట్టా పిలిచేదే? అరవై ఏళ్లు 'ఏమే' అనేగా పిలిచింది. ఇదైతే పిలుస్తాను."

పెళ్లాం పేరు ఎత్తకూడదనే పాతకాలపు మనిషి ఆయన. ఆ సంగతి నాకు తట్టనే లేదు. అన్నం కలుపుతుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఇరవయ్యొకటో రోజున అల్లుడు పళ్లెంలోని బియ్యంలో ఉంగరంతో ఆ పేరు రాశాడు. గీతలెక్కువై చోటు చాల్లేదు. "ఇంకో పళ్లెం తెండమ్మా," అన్నారు పంతులుగారు. ఇంటికి పెద్ద కాబట్టి చెవిలో పేరు చెప్పే పని నాన్నది. కుడి చెవిలో మూడుసార్లు గట్టిగా చెప్పాడు, అందరం విన్నాం. తర్వాత ఎడమ చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా ఇంకోటేదో చెప్పాడు.

"అదేంటి నాన్నా?" అన్నాను.

"నీకెందుకే," అన్నాడు, చెవులదాకా ఎర్రబడి.

నేను పక్కనే కూర్చున్నాను. ఆయన పెదవులు కదిలిన తీరు చూశాను. అది అమ్మ పేరు.